డెబ్బదియేడు పౌండ్ల ఆసనము

2016 ఫిబ్రవరి 6వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున, ఆన్‌ఫీల్డు అను ఫుట్‌బాలు మైదానములో ఒక వింత జరిగినది. ఊరి జట్టు సండర్లండు జట్టుపై రెండు గోలుల ఆధిక్యముతో ఆడుచుండెను. గెలుపు ఇంచుమించు చేతికందినది. ఇట్టి సమయమున అభిమాని ఆసనము విడిచి కదలడు. అట్టిది, 77వ నిమిషము కాగానే దాదాపు పదివేలమంది ప్రేక్షకులు లేచి, బారులు తీరి, ద్వారములగుండ వెలుపలికి నడచిపోయిరి. వారికి ఆటపై కోపము లేదు, ఆటగాండ్రపైనను లేదు. మైదానమునకు ఒక ప్రక్క క్రొత్తగా కట్టుచున్న ప్రేక్షకశాలలో, మరుసటి సంవత్సరము నుండి మేలైన ఆసనమునకు వెల 77 పౌండ్లని యాజమాన్యము ప్రకటించియుండెను. ఆ అంకెనే వారు తమ నిరసనకు ముహూర్తముగా పెట్టుకొనిరి.

వారు వెడలిన పిమ్మట మిగిలిన కొద్ది నిమిషములలోనే సండర్లండు జట్టు రెండు గోలులు చేసినది. ఆట సమముగా ముగిసినది. ఇది కాకతాళీయమని త్రోసివేయవచ్చును. కాదని రుజువు చేయగలవారు లేరు. యాజమాన్యము మాత్రము నాలుగు దినములలోనే క్షమాపణ చెప్పుకొని, ఆ వెలను ఉపసంహరించి, ఉన్న 59 పౌండ్ల గరిష్ఠపు వెలనే నిలిపినది. పదివేలమంది పదమూడు నిమిషముల ఆటను వదలుకొని సాధించినది పదునెనిమిది పౌండ్లు.

ఇంగ్లండులోని టిక్కెట్టు ధరకును, తెలుగు నాటి బడిపంతులుకును సంబంధమేమని కొందరడుగవచ్చును. పదియేండ్ల క్రిందట ఆ బడిపంతులు ముందు బెంచీలో కూర్చుండబెట్టుకొని లెక్కలు చెప్పిన పిల్లవాడు నేడు మాంచెస్టరులోనో, లండనులోనో, జర్మనీలోని డార్ట్‌మండులోనో చదువుకొనుచున్నాడు. చిన్ననాటినుండి టెలివిజనులో చూచిన జట్టు ఇప్పుడు బస్సెక్కిన అరగంటలో చేరదగిన మైదానమున ఆడుచున్నది. టిక్కెట్టు కొనవలెనా, వలదా? బ్రిటనులో 2025 ఏప్రిలులో 21 సంవత్సరములు నిండినవారికి చట్టము నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 12 పౌండ్ల 21 పెన్సులు. అరువది పౌండ్ల టిక్కెట్టనగా అంగడిలో అయిదు గంటలు నిలువుకాళ్లపై చేసిన చాకిరి. ఆట తొంబది నిమిషములు. ఇంటివద్ద తండ్రి బ్యాంకు అప్పునకు వడ్డీ కట్టుచుండును. ఆ కుఱ్ఱవానికి ఈ ప్రశ్న విలాసపు ప్రశ్న కాదు. లండనులో కొన్ని జట్ల ఆటలకు నూరు పౌండ్లు దాటిన టిక్కెట్లును కలవు.

మొదట కంటి సంగతి. కంటికి కావలసినదంతయు టెలివిజను ఇచ్చుచున్నది. బంతి ఏ కాలి ఏ వైపు తగిలినదో, గీత దాటినదో లేదో, తప్పు ఎవరిదో ముమ్మారు తిప్పి చూపును. ఆటగాని నుదుటి చెమటను గూడ చూపును. మైదానములో కూర్చున్నవానికి ఆవలి చివర ఆడువారు చీమలబారువలె కనబడుదురు. ముందువరుసవాడు లేచినచో అదియు లేదు. ఉత్తరపు ఇంగ్లండులో జనవరి మాసపు వాన ఏటవాలుగా మీద పడుచుండును. కాబట్టి చూచుటకే అయినచో ఈ టిక్కెట్టు శుద్ధ దండుగ. ఇంతవరకు పిసినారి తండ్రి వాదము గెలిచినది.

కాని ఆ అయిదు గంటల కూలితో కొనునది చూపు కాదు. తెలుగు పద్యనాటకములు చూచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. రాగము తీసి పద్యము ముగించిన నటుడు ఒక క్షణము ఆగును. చీకటిలో వెనుకవరుసనుండి ఎవరో ‘వన్స్‌మోర్’ అందురు. ఆ కేకతో పద్యము రెండవమారు పుట్టును. మొదటిసారికంటె మిన్నగా పుట్టును. ఆ రెండవ పద్యమునకు కర్త ఎవరు? నటుడు సగము, కేకవేసినవాడు సగము. ఆ కేకవేసినవాడు తఱచుగా నేలటిక్కెట్టువాడే. మెత్తని కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి చేతిగడియారము చూచుకొనుచుండును. ఫుట్‌బాలు మైదానమున గోలువెనుక నిలుచుండి పాడువారు ఈ నేలటిక్కెట్టువారి జాతివారే.

దీనికి నిదర్శనము ఎవరును కోరకయే 2020లో లోకమునకు దొరకినది. మహమ్మారివలన ఆగిన ఆటలు జర్మనీలో ఆ సంవత్సరము మే 16న తిరిగి మొదలైనవి, ఇంగ్లండులో జూనులో. ప్రేక్షకులకు ప్రవేశము లేదు. అవే జట్లు, అదే పచ్చిక, అదే బంతి. ఆటగాండ్ర అరుపులు కాంక్రీటు గోడలకు తగిలి ప్రతిధ్వనించుచుండెను. ఇంటినుండి చూచువారు ఆ నిశ్శబ్దమును ఓర్వలేరని ఎఱిగిన ప్రసారసంస్థలు, పూర్వపు జనఘోషను యంత్రముతో కలిపి వినిపించినవి. ఒక జర్మను మైదానములో అభిమానుల ఛాయాచిత్రములను అట్టలకు అంటించి కుర్చీలలో నిలిపిరి. అట్టబొమ్మ టిక్కెట్టు సొమ్ము చెల్లించును గాని కేక వేయదు. సొంత మైదానమున ఆడు జట్టునకు ఎప్పుడును ఉండు అనుకూలత ఆ నెలలలో జర్మనీలో స్పష్టముగ తగ్గినది. చూపరులు లేని ఆట, ఉప్పులేని కూరవలె, రుచి తగ్గుటయే కాదు, ఫలితమే మాఱినది.

చూపరి కంఠమునకు గల బలము హైదరాబాదునకు క్రొత్త సంగతి కాదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల తుదిపోటీలో భారతజట్టు దక్షిణ కొరియాతో తలపడినది. క్రీడలకు సంబంధించిన రాజకీయ వివాదమొకటి రగిలి, ఊరివారు భారతీయులపై మండిపడుచుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎదుట, వారి ద్వేషము నడుమ, మనవారు 2–1 గోలులతో గెలిచి స్వర్ణపతకము తెచ్చిరి. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదీయుడు, వృత్తిచేత బడిపంతులు. ఆయన శిక్షణలోనే హైదరాబాదు సిటీపోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్స్ కప్పు గెలిచినది. లక్షమంది ద్వేషమును అధిగమించిన ఘనత చిన్నది కాదనుటకే, ఆ లక్షమంది తటస్థులు కారని ఒప్పుకొనవలెను. మైదానమున పదునొకండుగురు ఆడుదురు. గట్టుపై నున్నవారును ఆడుదురు.

ఇచ్చట ఒక చిక్కు వచ్చుచున్నది. అంగడికి వచ్చినవాడు బియ్యము కొనును. బియ్యము పండించుటలో వానికి పాలు లేదు. ఫుట్‌బాలు ప్రేక్షకుడు తాను కొను వస్తువును తానే సగము తయారుచేయుచున్నాడు. ఆ సగమును తిరిగి వానికే అమ్మి, ఏటేట వెల పెంచుచున్నారు.

ఈ పెంపు ఎట్లు వచ్చినదో తెలిసికొనిన గాని తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఆన్‌ఫీల్డులో గోలువెనుక గట్టును కాప్ అందురు. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలోని స్పియాన్‌కాప్ గుట్టపై జరిగిన ఘోరయుద్ధములో చాలమంది ఆంగ్ల సైనికులు మరణించిరి. ఆ జ్ఞాపకార్థము గట్టునకు ఈ పేరు పెట్టిరి. గాయపడినవారిని మోసిన భారతీయుల దళములో గాంధీగారుండిరన్నది మన చరిత్ర చదివినవారికి తెలిసినదే. 1990 ప్రాంతమున ఆ గట్టుపై నిలుచుండి ఆట చూచుటకు నాలుగు పౌండ్లు. రేవు కూలీలు, కర్మాగారపు పనివారు, బడి వదలిన కుఱ్ఱలు అక్కడ భుజము భుజము రాచుకొని పాడుచుండిరి.

ఆ కాలము స్వర్గమనుకొనుట పొరబాటు. కఱ్ఱ ప్రేక్షకశాలలు శిథిలములై యుండెను. అల్లరిమూకల తగవులుండెను. స్త్రీలు, చిన్నపిల్లలు మైదానమునకు వచ్చుటకు జంకుచుండిరి. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డులో ప్రేక్షకశాల అంటుకొని 56 మంది మరణించిరి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో మైదానమున, ఇనుప కంచెల వెనుక తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు నలిగిపోయిరి. మృతులసంఖ్య చివరకు 97కు చేరినది. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలరు 1990 జనవరిలో నివేదిక నిచ్చి, పెద్ద మైదానములలో అందఱికిని కుర్చీలుండవలెనని నిర్ణయించెను. కుర్చీలు వచ్చినవి, ప్రాణభయము తగ్గినది. ఇది మహోపకారము. 1994లో కాప్ గట్టుపై గూడ కుర్చీలు వేసిరి.

అయితే ఆ న్యాయమూర్తియే మఱియొక మాట గూడ చెప్పెను. కుర్చీలు వేసినంతమాత్రమున, నిలుచుండి చూచు పేదవాడు భరింపలేనంతగా వెల పెంచనక్కఱలేదని, గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానమున కుర్చీకి ఆఱు పౌండ్లే తీసికొనుచున్నారని ఉదాహరణము చూపెను. యాజమాన్యములు నివేదికలో కుర్చీల పుటను శ్రద్ధగా చదివినవి. వెలల పుటను దాటవేసినవి. 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడినది. టెలివిజను సొమ్ము వరదవలె వచ్చిపడినది. 2016 నుండి మూడు సంవత్సరములకు బ్రిటనులో ప్రత్యక్షప్రసార హక్కులే 513 కోట్ల పౌండ్లకు పైగా పలికినవి. ఆ సొమ్ము ముందు ద్వారమున వసూలగు టిక్కెట్టు సొమ్ము చాల జట్లకు చిన్న పద్దు. 77 పౌండ్ల ప్రకటన వెలువడినదియు ఆ 2016లోనే. కష్టకాలమున వెల పెంచుట వేఱు. గాదెలు నిండిన ఏట పెంచుట వేఱు.

అర్థశాస్త్రజ్ఞులు దీనికి శాంతముగనే సమాధానము చెప్పుదురు. ఆసనములు కొన్ని, కోరువారు లక్షలు. వెల తక్కువ పెట్టినచో ఆ తేడా దళారి మ్రింగును గాని పేదవానికి చేరదు. ఇందు నిజము లేకపోలేదు. సంక్రాంతికి క్రొత్త సినిమా విడుదలయైన దినమున హాలు ముందు బ్లాకు టిక్కెట్టు కొన్నవారికి ఈ సత్యము తెలియును. కాని సినిమా హాలులో ప్రేక్షకుడు ఎవడైనను తెరపై బొమ్మ మాఱదు. మైదానములో మాఱును. అత్యధికము చెల్లించువాడే కూర్చుండుననినచో, కొంతకాలమునకు అక్కడ కూర్చుండువారు ఒక్కసారి చూచిపోవు యాత్రికులు, కంపెనీల అతిథులు మాత్రమే. వారు మంచివారే, అయితే వారికి పాట రాదు. వారు వచ్చినది పాట వినుటకు. పాడువాడు బయట నున్నాడు.

ఈ వెల దైవికము కాదనుటకు జర్మనీయే సాక్షి. అక్కడ, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, జట్టులోని ఓట్లలో సగముకంటె ఎక్కువ సభ్యులైన అభిమానుల చేతిలో నుండవలెనన్న నియమము కలదు. డార్ట్‌మండు మైదానపు దక్షిణపు గట్టుపై దాదాపు 25,000 మంది నేటికిని నిలుచుండియే చూతురు. వారి వస్త్రముల రంగునుబట్టి దానిని పసుపు గోడ యందురు. మ్యూనిక్ నగరపు బయర్న్ జట్టు మహాధనవంతమైనది. అయినను గోలువెనుక నిలుచుండు తావునకు సంవత్సరపు టిక్కెట్టు ఏండ్లతరబడి 140 యూరోల ప్రాంతముననే యుండెను. పదునేడు ఆటలకు పంచినచో ఆటకు ఎనిమిది యూరోలు. అభిమానులు పిదుకుటకు ఆవులు కారని ఆ జట్టునకు అధ్యక్షుడుగా నుండిన ఊలీ హోనెస్ ఒకప్పుడన్న మాట ప్రసిద్ధము. అక్కడివారును జాగరూకులే. లివర్‌పూల్‌లో జనము లేచి నడచిన మూడు దినములకే, 2016 ఫిబ్రవరి 9న, స్టుట్‌గార్టులో ఆడుటకు వచ్చిన డార్ట్‌మండు అభిమానులు టిక్కెట్టు ధరలను నిరసించుచు మైదానముపై టెన్నిసు బంతులు విసరిరి. జర్మను భాషలో ‘గొప్ప టెన్నిసు’ అనినచో ‘భేషైన పని’ యని జాతీయార్థము. భాషోపాధ్యాయులు మెచ్చదగిన నిరసన.

మాంచెస్టరులో కొందరు ఇంకను ముందుకు పోయిరి. 2005లో అమెరికా ధనికుడు మాల్కం గ్లేజరు మాంచెస్టరు యునైటెడ్ జట్టును కొన్నప్పుడు, జీవితమంతయు ఆ జట్టును వెంబడించినవారు కొందరు ఇక ఆ టిక్కెట్టు కొనమని బయటికి వచ్చి, తామే ఒక చిన్న జట్టును స్థాపించుకొనిరి. ప్రతి సభ్యునికి ఒక్కటే ఓటు. సంవత్సరపు టిక్కెట్టునకు ఒక కనీసపు మొత్తమునకు పైన ఎవరి శక్తికొలది వారు చెల్లించు పద్ధతి పెట్టుకొనిరి. 2015 నాటికి సొంత మైదానము గూడ కట్టుకొనిరి. అక్కడ ఆట క్రింది తరగతిది. ప్రపంచ ప్రసిద్ధులెవరును లేరు. వాన మాత్రము అదే వాన. దినపత్రికలలో వారి పేరు అరుదు. టిక్కెట్టు కొనదగినదా యన్న ప్రశ్నకు ఇంత సూటియైన సమాధానము మఱెవ్వరును చెప్పలేదు.

మన దేశపు అనుభవము ఇంకొక దారిన పోయినది. 2025 డిసెంబరు 13న అర్జెంటీనా ఆటగాడు లియొనెల్ మెస్సీ కలకత్తాకు వచ్చెను. వేలకొలది రూపాయలు చెల్లించి జనము సాల్ట్‌లేక్ మైదానమును నింపిరి. అక్కడ ఆట లేదు. మెస్సీ కొద్ది నిమిషములు మైదానమున నడచెను. ఆయనచుట్టు అధికారులు, నాయకులు, ఫోటోలు దిగువారు గుమికూడిరి. గట్టుపై నున్నవారికి ఆయన తల గూడ సరిగా కానరాలేదు. ఆయన వెడలినంతనే కుర్చీలు, సీసాలు గాలిలో లేచినవి. ఆనాటి సాయంకాలమే హైదరాబాదులోని ఉప్పల్ మైదానమున కార్యక్రమము సవ్యముగా జరిగినది. తెలుగువారు సంతోషముతో ఇండ్లకు పోయిరి. అందు తప్పేమియు లేదు. కాని అదే 2025లో హైదరాబాదు ఫుట్‌బాలు జట్టు, 2021–22లో ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచిన జట్టు, చేతులు మాఱి, పేరు మాఱి ఢిల్లీకి తరలిపోయినది. రహీమ్ మాస్టారి ఊరిలో మహానుభావుని దర్శనమునకు వేల రూపాయలు పలికినవి; ఊరి జట్టు ఊరిలో నిలువలేదు.

మెస్సీ దర్శనమునకు కొన్న టిక్కెట్టును, ఆన్‌ఫీల్డులో ఆటకు కొన్న టిక్కెట్టును ఒకే గాట కట్టరాదు. మొదటిది ముఖమునకు చెల్లించిన వెల. రెండవదానిలో చెల్లించినవానికి చేయవలసిన పని యొకటి యున్నది.

కావున మాంచెస్టరులోనో లివర్‌పూల్‌లోనో చదువుకొను ఆ కుఱ్ఱవాడు టిక్కెట్టు కొనవచ్చును, ఒక్కసారి కొనవలెను. అయిదు గంటల కూలి ఇచ్చి, నలువదివేలమంది నడుమ నిలిచి, పరాయి భాషలో, తెలియని రాగములో గొంతు కలిపిన సాయంకాలము జన్మాంతము జ్ఞాపకముండును. ప్రతి వారమును ఆ వెల చెల్లించుట మాత్రము తగదు. అప్పుచేసి చెల్లించుట అసలే తగదు. అది తన పనికి తానే కూలి కట్టుకొనుట. మిగిలిన వారములలో బస దగ్గఱి చిన్న మైదానమునకు పోవచ్చును. అక్కడ ద్వారమువద్ద అడుగునది స్వల్పము, ముందువరుస ఎప్పుడును ఖాళీ, ఆటగాడు తిట్టుకొన్న మాట గూడ వినబడును. తన ఇంగ్లీషు చదువునకు అదియు పనికివచ్చును.

ఆ ఒక్క పెద్ద ఆటకు పోవునప్పుడు మైదానపు మధ్యభాగమున మెత్తని ఆసనములవైపు చూడరాదు. వెల ఎక్కువ, మాట తక్కువ. చాల మైదానములలో గోలువెనుక ఆసనములు వానికంటె చవుక; పాడువారు ఉండునదియు అక్కడనే. అక్కడనుండి ఆవలి గోలు సరిగా కనబడదు. దానిని రాత్రి బసకు పోయి టెలివిజనులో చూచుకొనవచ్చును.